ఇంటి పాటల సేకరణకు నెట్‌వర్క్ నిల్వ: ఏర్పాటు చేసే విధానం, కాపాడుకునే పద్ధతి

ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పాటలు ల్యాప్‌టాప్‌లో కొన్ని, పాత ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కొన్ని, అరలోని సీడీలలో కొన్నిగా చెదిరి ఉన్నవారికి ఈ మార్గదర్శి ఉద్దేశించినది. అన్నిటినీ ఒకే చోట చేర్చి, ఇంట్లోని ఏ గదిలో ఉన్న ఏ పరికరం నుంచైనా వినగలిగేలా చేయడానికి నెట్‌వర్క్ నిల్వ, అంటే వాడుకలో నాస్ అనే పెట్టె, అన్నిటికంటే నమ్మదగిన ఏర్పాటు. అయితే ఈ పని తలపెట్టిన చాలామంది ఏ పెట్టె కొనాలనే ప్రశ్న దగ్గరే నెలలు గడిపేస్తారు. సంగీతాన్ని అందించడం ఆ పెట్టెకు చాలా తేలికైన పని. ఫైళ్లను క్రమంలో పెట్టడం, వాటికి పేర్లూ వివరాలూ సరిగ్గా రాయడం, వేరే చోట మరో ప్రతి ఉంచడం మాత్రం అసలైన శ్రమ. కాబట్టి డబ్బులో పొదుపు పాటించి, సమయాన్ని ఫైళ్లకు కేటాయించమని నా సలహా.

మొదటి దశ: ఎంత చోటు, ఎంత వేగం కావాలో లెక్క వేయడం

ఆడియో సీడీలో ధ్వని సెకనుకు 44,100 నమూనాలుగా, ఒక్కో నమూనా 16 బిట్లుగా, రెండు ఛానెళ్లలో ఉంటుంది. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు, అంటే గంట సంగీతానికి దాదాపు 635 ఎంబీ అవుతుంది. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా కుదించే ఫ్లాక్ రూపంలోకి మారిస్తే ఇది సాధారణంగా సగానికి కొంచెం అటూఇటూగా వస్తుంది. హోరెత్తే సంగీతం తక్కువగా, ఒంటరి వాద్యం ఎక్కువగా కుదించుకుపోతుంది. గంటకు 400 ఎంబీ చొప్పున లెక్క వేసుకుంటే వెయ్యి గంటల సంగీతం 400 జీబీలో ఇమిడిపోతుంది. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ స్థాయి ఫైళ్లు కుదించక ముందు గంటకు రెండు జీబీ దాటుతాయి కాబట్టి అటువంటివి ఎక్కువగా ఉన్నవారు ఆ మేరకు పెంచుకోవాలి. వచ్చిన మొత్తానికి రెట్టింపు సామర్థ్యం ఉన్న డిస్క్ తీసుకుంటే చాలా ఏళ్లపాటు చోటు గురించి ఆలోచించనవసరం ఉండదు.

వేగం విషయంలో దిగులే అక్కర్లేదు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ ధ్వనిని కుదించకుండా పంపినా సెకనుకు 9.2 మెగాబిట్లే అవుతుంది. పాతకాలపు 100 మెగాబిట్ల నెట్‌వర్క్ కూడా దీన్ని తేలిగ్గా మోస్తుంది. పాట మధ్యలో ఆగిపోతుంటే కారణం వేగం చాలకపోవడం కాదు, వైఫై సంకేతం నిలకడగా లేకపోవడమని అనుమానించాలి.

రెండో దశ: పెట్టె ఎంచుకోవడం

ఇందుకు మూడు దారులున్నాయి. సైనాలజీ, క్యూనాప్ వంటి సంస్థల సిద్ధమైన నాస్ పెట్టెలు మొదటి దారి. డిస్కులు బిగించి, బ్రౌజర్‌లో కనిపించే సూచనలు పాటిస్తే గంటలో పని మొదలవుతుంది. మూల పడి ఉన్న పాత కంప్యూటర్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ లేదా ట్రూనాస్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం రెండోది. ఖర్చు తక్కువే కానీ పాత డెస్క్‌టాప్ రోజంతా వెలుగుతూ ఉంటే కరెంటు వాడకం, ఫ్యాన్ చప్పుడు రెండూ భరించాలి. మూడోది రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్ బోర్డుకు డిస్క్ తగిలించడం. ఈ మూడో దారి ఎంచుకుంటే నాలుగో తరం బోర్డు లేదా ఆ తర్వాతిది తీసుకోవాలి, ఎందుకంటే అంతకు ముందు తరాలలో పూర్తి గిగాబిట్ ఈథర్‌నెట్ గానీ యూఎస్‌బీ 3 గానీ లేవు. నాలుగో తరం బోర్డు తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.2 ఆంపియర్ల విద్యుత్తే ఇవ్వగలదు కాబట్టి, సొంత అడాప్టర్ ఉన్న డిస్క్‌నే దానికి తగిలించాలి. విద్యుత్తు చాలని డిస్క్ రాసే పని మధ్యలో ఆగిపోతే ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్‌లో ఫైళ్లను అమర్చి గుర్తుపెట్టుకునే పద్ధతి, చెడిపోవచ్చు.

సాంకేతిక విషయాలతో సావాసం ఇష్టం లేనివారికి రెండు డిస్కులు పట్టే సిద్ధమైన పెట్టె తగినది. ప్రాసెసర్ బలం గురించి చింత వద్దు. రెండు జీబీ మెమరీ ఉంటే సంగీత సర్వర్‌కు సరిపోతుంది. కొనేముందు ఆ మోడల్ డాకర్ కంటైనర్లను, అంటే కావలసినవన్నీ ఒకే పొట్లంగా కట్టి వచ్చే సాఫ్ట్‌వేర్లను, నడుపుతుందో లేదో మాత్రం తప్పక చూడాలి, ఎందుకంటే మంచి సంగీత సర్వర్లు చాలా వరకు ఆ రూపంలోనే తేలిగ్గా దొరుకుతాయి.

మూడో దశ: డిస్కులు, ఫైల్ సిస్టమ్

ఇరవై నాలుగు గంటలూ నడిచేలా తయారైన నాస్ శ్రేణి డిస్కులు తీసుకోవడం మంచిది. సమాచారాన్ని రాసే పద్ధతిని బట్టి హార్డ్ డిస్కులు సీఎంఆర్, ఎస్ఎంఆర్ అని రెండు రకాలు. రెండో రకంలో ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత పరుచుకుని ఉంటాయి కాబట్టి, ఒక చోట తిరగరాయాలంటే పక్కనున్నవాటిని కూడా తిరగరాయవలసి వస్తుంది. పాడైన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి నింపేటప్పుడు ఇది విపరీతంగా నెమ్మదిస్తుంది. రెండు డిస్కులను జతగా వాడేవారు సీఎంఆర్ అని స్పష్టంగా రాసి ఉన్నవే ఎంచుకోవాలి. హార్డ్ డిస్క్ గిరగిర తిరిగే చప్పుడు వినే గదిలో ఇబ్బంది పెడుతుంది కనుక, పెట్టెను రౌటర్ పక్కన వేరే గదిలో ఉంచడం మేలు. సేకరణ చిన్నదైతే ఎస్‌ఎస్‌డీయే వాడి ఆ చప్పుడునే లేకుండా చేసుకోవచ్చు.

రెండు డిస్కులుంటే, రెండింటిలోనూ ఒకే సమాచారాన్ని రాసే రెయిడ్ 1 పద్ధతి ఎంచుకోవాలి. నాలుగేసి టీబీ డిస్కులు రెండు పెడితే వాడుకోవడానికి నాలుగు టీబీలే దొరుకుతుంది, కానీ ఒకటి పాడైనా పాటలు ఆగవు. ఇది బ్యాకప్ మాత్రం కాదు. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే అదే క్షణంలో రెండు డిస్కుల్లోనూ చెరిగిపోతుంది.

ఫైల్ సిస్టమ్ అడిగినప్పుడు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లేదా జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంటే దాన్నే ఎంచుకోండి. ఇవి రాసిన సమాచారానికి సరిచూపు సంఖ్యలు దాచుకుని, ఎక్కడైనా బిట్లు చెడితే కనిపెడతాయి. జత డిస్క్‌లో మంచి ప్రతి ఉంటే దాని నుంచి సరిచేస్తాయి. ఆ పరిశీలన తనంతట తాను జరగదు కాబట్టి, స్క్రబ్ అనే పనిని నెలకోసారి జరిగేలా షెడ్యూల్ చేయాలి. వీటిలోనే స్నాప్‌షాట్ల సౌకర్యమూ ఉంది. రోజుకొకటి చొప్పున కొన్ని వారాలపాటు నిలిపి ఉంచితే, చెరిగిపోయిన ఫైళ్లను నిన్నటి స్థితి నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

నాలుగో దశ: నెట్‌వర్క్‌లో కుదురుగా కూర్చోబెట్టడం

నాస్‌ను ఈథర్‌నెట్ కేబుల్‌తోనే రౌటర్‌కు కలపాలి. వినే పరికరాలు వైఫైలో ఉన్నా ఫరవాలేదు. తర్వాత రౌటర్ సెట్టింగులలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట నాస్‌కు ఒక స్థిరమైన ఐపీ చిరునామా కేటాయించండి; లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు చిరునామా మారి, అన్ని యాప్‌లూ సర్వర్ కనబడటం లేదని చెబుతాయి. స్పీకర్లను గెస్ట్ వైఫైలో ఉంచకూడదు. ఆ నెట్‌వర్క్ తనలోని పరికరాలను ఇంటి మిగతా పరికరాలకు కనిపించకుండా వేరుచేస్తుంది.

ఐదో దశ: షేర్డ్ ఫోల్డర్, యూజర్లు

సంగీతం కోసం విడిగా ఒక షేర్డ్ ఫోల్డర్ తయారుచేసి, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి అయిన ఎస్‌ఎంబీ ద్వారా అందుబాటులో ఉంచితే విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ దాన్ని చూడగలవు. ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను తప్పనిసరిగా ఆపివేయాలి. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన, ఫైళ్లకు తాళం వేసే వాన్నాక్రై వైరస్ ఆ వెర్షన్‌లోని లోపాన్నే ఆసరా చేసుకుంది.

యూజర్లు కనీసం ఇద్దరు ఉండాలి. పాటలు చేర్చడానికి, వివరాలు దిద్దడానికి రాసే హక్కు ఉన్న యూజర్ ఒకరు. స్పీకర్లు, టీవీ, కుటుంబసభ్యుల ఫోన్లు వాడే, కేవలం చదివే హక్కు ఉన్న యూజర్ మరొకరు. ఈ చిన్న జాగ్రత్తతో ఒక ఫోన్‌లో తప్పు చోట వేలు పడటం వల్ల సేకరణ చెదిరే ప్రమాదం తప్పుతుంది. అడ్మిన్ ఖాతాను రోజువారీ పనులకు వాడవద్దు.

ఆరో దశ: సీడీలను ఫైళ్లుగా మార్చడం

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. ఎందుకంటే ఈ పనిని మళ్లీ చేయాలని ఎవరికీ అనిపించదు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ, లినక్స్‌లో విప్పర్ అనే సాఫ్ట్‌వేర్లు అక్యురేట్‌రిప్ అనే సమాచార నిధిని వాడుకుంటాయి. మీ డ్రైవ్ చదివిన ఫలితపు సంఖ్యను, అదే డిస్క్‌ను ఇతరులు తమ డ్రైవ్‌లలో చదివినప్పుడు వచ్చిన సంఖ్యతో పోల్చి, రెండూ కలిస్తే పాట లోపం లేకుండా వచ్చిందని ఇవి నిర్ధారిస్తాయి. గీతలు పడిన డిస్క్‌ను మామూలు సాఫ్ట్‌వేర్ చదివేస్తే చిటపటలు కూడా ఫైల్‌లో చేరిపోతాయి, ఆ సంగతి నెలల తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు గానీ తెలియదు.

భద్రపరచే రూపం ఫ్లాక్ కావాలని గట్టిగా చెబుతాను. 2001లో మొదటి వెర్షన్ వచ్చిన ఈ రూపం ఉచితం, ఎవరి సొత్తూ కాదు, దాదాపు ప్రతి ప్లేయరూ చదువుతుంది. యాపిల్ పరికరాలే వాడే ఇంట్లో నాణ్యత తగ్గకుండా కుదించే యాపిల్ రూపం ఏఎల్‌ఏసీ కూడా అంతే మంచిది. ఒకదాన్నుంచి మరొకదానికి ఎప్పుడు మార్చుకున్నా నాణ్యత పోదు. ఇప్పటికే ఎంపీ3గా ఉన్నవాటిని అలాగే ఉంచండి. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చితే పోయిన వివరం తిరిగి రాదు సరికదా, ఫైల్ పెద్దదై, అది అసలు సీడీ నుంచి వచ్చిందనే తప్పుడు నమ్మకం కలిగిస్తుంది.

ఏడో దశ: ఫోల్డర్లు, పేర్లు, ట్యాగులు

ఈ దశ సరిగ్గా జరిగితే రేపు సాఫ్ట్‌వేర్ మారినా, పెట్టె మారినా మీ సేకరణ చెక్కుచెదరదు. కళాకారుడి పేరుతో ఒక ఫోల్డర్, అందులో సంవత్సరమూ ఆల్బమ్ పేరూ కలిపిన ఫోల్డర్, అందులో రెండంకెల వరుస సంఖ్యతో మొదలయ్యే పాటల ఫైళ్లు: ఈ మూడంచెల పద్ధతి అన్ని సర్వర్లకూ అర్థమవుతుంది. రెండు డిస్కుల ఆల్బమ్ అయితే రెండిటినీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి డిస్క్ సంఖ్యను ట్యాగులో, అంటే ఫైల్ లోపలే ఉండే పాట వివరాలలో, రాయాలి. ఫైల్ పేరు ముందు కూడా ఆ సంఖ్య ఉండాలి, లేకపోతే రెండు మొదటి పాటలు పక్కపక్కన చేరతాయి.

ఫైల్ పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రపు గుర్తు, ఏటవాలు గీతలు వాడవద్దు. విండోస్ వాటిని ఒప్పుకోదు. తెలుగులో పేర్లు పెట్టుకునేవారు ఇంకో పరిమితిని కూడా గమనించాలి. లినక్స్ ఆధారిత నాస్‌లలో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, పైగా ఒత్తులూ గుణింతపు గుర్తులూ విడివిడి సంకేతాలు. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరమే నాలుగు సంకేతాలై 12 బైట్లు తీసుకుంటుంది. కనుక పాట పల్లవి మొత్తాన్నీ, గాయకుల పేర్లతో సహా, ఫైల్ పేరులో కుక్కకుండా క్లుప్తంగా ఉంచి, పూర్తి వివరాలను ట్యాగులలో రాయడం మంచిది. ఫ్లాక్ ట్యాగులు మొదటి నుంచీ యూటీఎఫ్-8లోనే ఉంటాయి కాబట్టి తెలుగు చక్కగా నిలుస్తుంది. పాత ఎంపీ3 ఫైళ్ల చివర ఉండే ఐడీ3 మొదటి వెర్షన్ ట్యాగుకు మాత్రం 30 బైట్ల పరిమితి ఉంది, తెలుగు లిపికి అందులో దిక్కు లేదు. ప్రశ్నార్థకాలుగానో చిత్రమైన గుర్తులుగానో కనబడే పేర్లకు తరచుగా ఇదే కారణం. ఆ ట్యాగును తొలగించి రెండో వెర్షన్ ట్యాగును మాత్రమే ఉంచితే సమస్య తీరుతుంది.

ట్యాగులలో అన్నిటికంటే ముఖ్యమైనది ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’. ఒక సినిమా పాటల ఆల్బమ్ తీసుకోండి: ఎనిమిది పాటలుంటే ఎనిమిదింటికీ గాయకులు వేరు. ఈ ట్యాగు ఖాళీగా ఉన్నప్పుడు చాలా సర్వర్లు గాయకుణ్ని బట్టి ఆల్బమ్‌ను విడగొట్టి, ఒక్కో పాటతో ఎనిమిది ఆల్బమ్‌లు చూపిస్తాయి. ఎనిమిది పాటలకూ ఆల్బమ్ ఆర్టిస్ట్‌గా సంగీత దర్శకుడి పేరు ఒకే తీరుగా రాసి, గాయకుల పేర్లను ‘ఆర్టిస్ట్’ ట్యాగులో ఉంచితే ఆల్బమ్ ఒక్కటిగా నిలుస్తుంది, గాయకుణ్ని బట్టి వెతికినా పాట దొరుకుతుంది. ఒకే తీరుగా అనే మాటను అక్షరాలా తీసుకోవాలి. పొట్టి పేరు ఒక చోట, ఇంటిపేరుతో ఒక చోట, అక్షరాల మధ్య చుక్క పెట్టి ఒక చోట, పెట్టకుండా ఒక చోట రాస్తే సర్వర్ దృష్టిలో వారు నలుగురు మనుషులు.

ఈ పనికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్ మంచి తోడు. ఇది పాటను విని దాని ధ్వని ముద్రను బట్టి కూడా ఏ రికార్డింగో గుర్తించగలదు. కానీ అది చెప్పినదాన్ని కళ్లు మూసుకుని అన్ని ఫైళ్లకూ ఒకేసారి వర్తింపజేయవద్దు. ఒకే పాట అసలు ఆల్బమ్‌లోనూ, ఎన్నో సంకలనాలలోనూ ఉండటం వల్ల తప్పు ఆల్బమ్‌కు ముడిపెట్టడం తరచు జరుగుతుంది. పదేసి ఆల్బమ్‌ల చొప్పున చూసుకుంటూ సాగండి. ముఖచిత్రాన్ని సుమారు 1000 పిక్సెళ్ల జేపీజీగా ఫోల్డర్‌లో ‘కవర్’ అనే పేరుతో ఉంచితే చాలు. పెద్ద చిత్రాన్ని ప్రతి పాటలోనూ పొదిగితే పాత ప్లేయర్లు జాబితా చూపడానికే తడబడతాయి.

చివరగా, ఆల్బమ్‌ల మధ్య ధ్వని హెచ్చుతగ్గులను సమం చేసే రీప్లేగెయిన్ విలువలను రాయించండి. ఇది ధ్వనిని ముట్టుకోదు, ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో చెప్పే సంఖ్యను ట్యాగులో రాస్తుందంతే. ఆల్బమ్ మొత్తానికి ఒకే విలువ వాడే పద్ధతిని నేను ఇష్టపడతాను, ఎందుకంటే అందులోని మెల్లని పాట మెల్లగానే మిగులుతుంది.

ఎనిమిదో దశ: సంగీత సర్వర్

షేర్డ్ ఫోల్డర్‌ను నేరుగా తెరిచి పాటలు వినవచ్చు కానీ వేల పాటల్లో వెతుక్కోవడం కష్టం. అందుకే ట్యాగులను చదివి సూచిక తయారుచేసే సర్వర్ కావాలి. ఏది ఎంచుకోవాలన్నది మీరు వినే తీరును బట్టి ఉంటుంది. ప్రధానంగా ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ వినేవారికి నావిడ్రోమ్ నా మొదటి సిఫార్సు: తేలికైనది, తక్కువ మెమరీతో నడుస్తుంది, సబ్‌సోనిక్ అనే, సర్వర్లూ యాప్‌లూ మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతిని వాడే ఏ యాప్‌తోనైనా కలుస్తుంది. గదిగదికీ స్పీకర్లు పెట్టి అన్నిటిలోనూ ఒకే పాట ఒకే లయలో మోగాలనుకునేవారికి, లాజిటెక్ మీడియా సర్వర్ పేరుతో మొన్నటిదాకా ఉన్న లిరియన్ మ్యూజిక్ సర్వర్ సరైనది. డీఎల్‌ఎన్‌ఏ ప్రమాణాన్ని పాటించే స్ట్రీమర్, అంటే నెట్‌వర్క్ నుంచి పాటలు తీసుకుని వినిపించే పరికరం, ఇప్పటికే ఉన్నవారు మినిమ్‌సర్వర్ చూడవచ్చు. వీడియోలు కూడా అందులోనే ఉండాలంటే జెల్లీఫిన్.

నావిడ్రోమ్‌ను డాకర్‌లో పెట్టేటప్పుడు రెండు ఫోల్డర్లు చూపించాలి. మొదటిది పాటల ఫోల్డర్. దీన్ని కేవలం చదివే హక్కుతోనే ఇవ్వండి, సర్వర్‌కు మీ ఫైళ్లలో రాయవలసిన అవసరం లేదు. రెండోది సర్వర్ తన సూచికను, చిత్రాల ప్రతులను దాచుకునే ఫోల్డర్. ఎస్‌ఎస్‌డీ ఉంటే దాని మీద పెడితే వెతుకులాట చురుగ్గా ఉంటుంది. కంటైనర్ మొదలయ్యాక బ్రౌజర్‌లో నాస్ ఐపీ చిరునామా, ఆ తర్వాత కోలన్, 4533 అనే పోర్టు సంఖ్య కొడితే మొదటి పేజీ వచ్చి అడ్మిన్ ఖాతా తయారుచేయమంటుంది. పేజీ వచ్చినా పాటలేవీ కనబడకపోతే, కంటైనర్ నడిచే యూజర్‌కు పాటల ఫోల్డర్ చదివే హక్కు లేకపోవడమే దాదాపు ఎప్పుడూ కారణం. మొదటి పరిశీలనకు సేకరణ పరిమాణాన్ని బట్టి కొంత సమయం పడుతుంది. తర్వాత కొత్తవి, మారినవి మాత్రమే చూస్తుంది.

డిస్క్ వాడకంలో లేనప్పుడు నిద్రపోయేలా సెట్ చేసి ఉంటే, మొదటి పాట మొదలవడానికి పది సెకన్ల దాకా పట్టవచ్చు. అది లోపం కాదు. నచ్చకపోతే నిద్ర సమయాన్ని పెంచుకోవచ్చు.

తొమ్మిదో దశ: వినే పరికరాలు

ఫోన్‌లో సబ్‌సోనిక్ యాప్ వేసుకుని సర్వర్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. కొన్న స్ట్రీమర్‌ను పరీక్షించేటప్పుడు ప్రత్యక్ష కచేరీ రికార్డింగ్ ఒకటి పెట్టి, ఒక అంశం ముగిసి మరొకటి మొదలయ్యే చోట చెవిపెట్టి వినండి. చప్పట్ల మధ్య చిన్న నిశ్శబ్దం తగిలితే ఆ పరికరమో దాన్ని నడిపే యాపో విరామం లేని ప్లేబ్యాక్‌ను సరిగా చేయడం లేదని అర్థం. సెట్టింగులలో ఉందేమో చూసి, లేకపోతే మరో యాప్ ప్రయత్నించాలి. పాత ఆంప్లిఫయర్ ఉన్నవారు రాస్ప్‌బెర్రీ పైలో పైకోర్‌ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వేసి, ఒక డాక్ (డిజిటల్ ధ్వనిని ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే సంకేతంగా మార్చే పరికరం) జతచేస్తే లిరియన్‌తో కలిసే మంచి స్ట్రీమర్ సిద్ధమవుతుంది.

పదో దశ: ఇంటి బయట వినడం

రౌటర్‌లో పోర్టులు తెరిచి నాస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదలవద్దు. ముఖ్యంగా ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టును ఎన్నడూ తెరవకూడదు. బదులుగా వైర్‌గార్డ్ వంటి వీపీఎన్‌ను గానీ, దాని మీదనే నిర్మించిన టెయిల్‌స్కేల్‌ను గానీ నాస్‌లోనూ ఫోన్‌లోనూ పెట్టుకుంటే, మీరు ఎక్కడున్నా ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టే సర్వర్ అందుతుంది. మొబైల్ డేటాలో ఉన్నప్పుడు ఫ్లాక్‌ను అప్పటికప్పుడు 128 కిలోబిట్ల ఓపస్ అనే మరింత కుదించిన రూపంలోకి మార్చి పంపమని సర్వర్‌కు చెప్పవచ్చు. ఇంట్లో ఉన్న అసలు ఫైల్ మారదు, డేటా ఖర్చు మాత్రం చాలా తగ్గుతుంది.

పదకొండో దశ: బ్యాకప్

సమాచారానికి మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట ఉండాలన్నది పాత నియమం. ఇంట్లో పాటించడానికి సులువైన దారి ఇది: నాస్‌లో ఒక ప్రతి, వారానికోసారి తగిలించి కాపీ అయ్యాక తీసేసే యూఎస్‌బీ డిస్క్‌లో ఒక ప్రతి, నమ్మకస్తుల ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక ప్రతి. యూఎస్‌బీ డిస్క్‌ను తీసేయడం ఎందుకంటే, ఎప్పుడూ తగిలించే ఉంచిన బ్యాకప్‌ను పిడుగుపాటు, ఫైళ్లను తాళం వేసే వైరస్ రెండూ నాస్‌తో పాటే నాశనం చేయగలవు. పాటలతో పాటు సర్వర్ సూచిక ఫోల్డర్‌ను కూడా కాపీ చేయండి. ప్లేలిస్టులు, మీరిచ్చిన రేటింగులు ఉండేది అందులోనే. కరెంటు హఠాత్తుగా పోయే చోట ఒక చిన్న యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో నాస్‌కు కలిపితే, బ్యాటరీ అయిపోకముందే అది తనంతట తాను సక్రమంగా ఆగుతుంది.

బ్యాకప్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే అందులోంచి వెనక్కి తీసి చూడాలి. ఫ్లాక్ ఇందుకు ఒక చక్కని వీలు కల్పించింది: అసలు ధ్వనికి సంబంధించిన ఎండీ5 అనే సరిచూపు సంఖ్యను మామూలుగా ప్రతి ఫైల్ తన తొలి భాగంలోనే దాచుకుంటుంది. ఫ్లాక్ సాధనంలోని పరీక్ష ఆదేశం ఫైల్ మొత్తాన్ని విప్పి, వచ్చిన సంఖ్యను దాచిన సంఖ్యతో పోల్చి, ఒక్క బిట్ తేడా ఉన్నా చెబుతుంది. ఆరు నెలలకోసారి బ్యాకప్ డిస్క్ నుంచి ఏవైనా కొన్ని ఆల్బమ్‌లను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి ఈ పరీక్ష నడపండి. అందులో ఏ ఫైల్ అయినా తప్పితే, ఆ డిస్క్ మొత్తాన్నీ పరీక్షించేంత వరకు నాస్‌లోని ప్రతిని మార్చడం గానీ చెరపడం గానీ చేయవద్దు.